చట్రానికి ముక్కు

ఓదెలు చేసే ఏ చట్రానికైనా ముఖం ఉండి తీరాల్సిందే. దర్వాజ కానీ, కిటికీ కానీ, ఆఖరికి కోళ్ళగూటి తలుపు కానీ, బాడిశ చేతికి తీసుకోకముందే అతను అడిగే మొదటి మాట ఒక్కటే: "దీని మొఖం ఎటు?" శామీర్‌పేటలో ముప్పై ఏళ్ళుగా వడ్రంగం చేస్తున్న మనిషి. ముఖం ఎటో తేలందే కట్టె ముట్టడు.

కాబట్టి మేడ్చల్ నుంచి సత్యానందం ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి, జానెడు పొడుగు, జానెడు వెడల్పు చట్రం ఒకటి కావాలని అడిగినప్పుడు కూడా ఓదెలు అదే మాట అడిగాడు.

"మొఖం ఎటు బిడ్డా?"

"దీనికి మొఖం ఉండది కాకా. గిదేమన్న దర్వాజనా? దీని సుట్టు రాగితీగె సుడత. గంతే."

"మొఖం లేని చట్రం ఏందిర? ముందేదో ఎనకేదో కట్టెకు ఎర్క ఉండొద్దా?"

"కట్టెకు ఎర్క లేకున్న నడుస్తది. నాకు ఎర్కుంది."

చాటలో బియ్యం ఏరుకుంటున్న సిద్దమ్మ, ఓదెలు పెళ్ళాం, తలెత్తకుండానే అంది: "బీఎస్సీ సదివిన పిలగానికి ఎర్క లేకుంటదా? నువ్వు చెయ్యి, మాట్లాడకు."

సత్యానందం బీఎస్సీ ప్యాసై ఏడాదైంది. రైల్వేలో గ్యాంగుమనిషిగా పనిచేసి చనిపోయిన జక్కయ్య కొడుకు. తల్లి మార్తమ్మ చర్చిలో ప్రతి ఆదివారం కొడుకు ఉద్యోగం కోసం ప్రార్థించేది, ప్రతి సోమవారం అన్న ఇస్సాకు చెవిలో కూడా వేసేది. దేవుడికంటే ఇస్సాకే ముందు పలికాడు. సూరారం దగ్గర అతనికి ఇటుకబట్టీ ఉంది. అక్కడ ఇటుకలు లెక్కపెట్టే మున్షీ పని సిద్ధంగా ఉంది. మేనల్లుడు కూర్చోవడానికి మూడు కాళ్ళ పీట కూడా చేయించి పెట్టాడు.

సత్యానందానికి ఆ పీట కలలోకి వచ్చేది.

సరిగ్గా అప్పుడు పట్నంలో ఒక కాలేజీ నుంచి కాగితం వచ్చింది. ప్రయోగశాలలో డిమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం. వచ్చినవాళ్ళు తమ చేతులతో తయారుచేసుకున్న సామానుతో ముగ్గురు ప్రొఫెసర్ల ముందు ఏదైనా ఒక సూత్రం నిరూపించి చూపాలి. ఈసారి రాకపోతే మారుమాట లేకుండా బట్టీకి వెళ్తానని సత్యానందం తల్లికి బైబిలు ముట్టి మాటిచ్చాడు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. యాప్రాల్ వైపు మిలిటరీవాళ్ళు వదిలేసిన తుక్కు హర్రాజులో పోతుంటే, రెండు బరువైన అయస్కాంతాలు, ఒక కండె రాగితీగ సత్యానందం చేతికొచ్చాయి. సూది ఎగిరే గాల్వనోమీటరును తాను చదివిన కాలేజీలో సంతకం పెట్టి తెచ్చుకున్నాడు. ఇక కావలసింది చట్రం. అందులో ఇనుప మేకు ఒక్కటి కూడా ఉండకూడదు. ఇనుము లేకుండా కట్టెకు కట్టె అతికించగలవాడు ఆ చుట్టుపక్కల ఓదెలు ఒక్కడే.

"గీ రెండు రాళ్ళ నడుమ ఏముంటది?" అని అడిగాడు ఓదెలు, బల్ల మీద పెట్టిన అయస్కాంతాలను చూసి.

"కంటికి కనవడది కాకా. గాలి అనుకో. గా రాయి కెళ్ళి గీ రాయి దిక్కు సక్కగ పోతుంటది. నడుమ చట్రం పెట్టినమనుకో, ఎట్ల పెడితే గట్ల, దాంట్లకెళ్ళి పొయ్యే గాలి ఎక్కువనో తక్కువనో అయితది. ఎంత పొయ్యేది లెక్క చేసి జెప్పొచ్చు. చట్రాన్ని జప్పున బయటికి గుంజితే సూది ఎగురుతది. లెక్కకు, సూదికి కుదిరిందా, నాకు నౌకరి."

"కుదరకుంటే?"

"ఇటుకలు."

అప్పటికే ఒక అయస్కాంతం ఓదెలు ఉలిని పట్టుకుని కూర్చుంది. విడదీయడానికి అతను కాలితో తన్ని పట్టాల్సి వచ్చింది. "మస్తు ఆశ దీనికి," అన్నాడు.

వారం రోజుల తర్వాత చట్రం తయారైంది. టేకు కట్టె. నాలుగు మూలలూ మూలమట్టం పెట్టి గీసినట్టున్నాయి. కింద గుండ్రటి పలక. చట్రం కాలు ఆ పలక మధ్య బెజ్జంలో నిలబడి నున్నగా తిరుగుతుంది. సత్యానందం ఇచ్చిన కాగితం చూసి సున్న నుంచి తొంభై దాకా గీతలు చెక్కి అంకెలు కూడా వేశాడు ఓదెలు. అంతా బాగుంది. కానీ చట్రం కింది కమ్మీకి నడుమ బెత్తెడు కొయ్యచీల ఒకటి సూటిగా ముందుకు పొడుచుకుని ఉంది.

"గిదేంది కాకా?"

"ముక్కు."

"ముక్కా?"

"మొఖం ఎటో నువ్వు జెప్పకపోతివి. నా పద్దతి నేను ఇడువలే. ముక్కు ఎటు సూస్తే దాని మొఖం అటు. ముక్కు ఎదురంగ రాయి దిక్కు సూస్తే సున్న. పక్కకు తిప్పుకుంట పోతే ముప్పై, అరవై. మొత్తానికి మొఖం తిప్పుకుంటే తొంభై."

సత్యానందం చట్రం చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. సున్న దగ్గర పెడితే చట్రం గాలికి అడ్డంగా గోడలా నిలబడుతోంది. అతని లెక్కలో సున్న అంటే చట్రం గాలి వెంబడే ఉండాలి. రెండింటి మధ్య కోణమే లేనప్పుడు కదా సున్న అనేది! కళ్ళముందు కనబడేవి రెండే: ఒకటి చట్రం, రెండోది గాలి దిక్కు. ఆ రెండింటి నడుమ ఎంత తేడా ఉంటే అదే కోణం. చిన్నపిల్లవాడైనా చెబుతాడు.

"తలకిందులు జేసినవ్ కాకా. తొంభై ఉండాల్సినకాడ సున్న బెట్టినవ్. గీ ముక్కు కోసెయ్యి. పట్నం ప్రొఫెసర్లు సూస్తే నవ్వుతరు. నా ఇజ్జత్ బోతది."

ఓదెలు రంపం తీసి ముక్కు కోశాడు. కోస్తున్నంతసేపూ ఎవరిదో నిజం ముక్కు కోస్తున్నట్టే ముఖం పెట్టాడు. కింద పడ్డ చీలను సిద్దమ్మ తీసి ఉలుల పెట్టెలో వేసింది. "కట్టె ముక్కను పారేస్తరా," అంది, ఎవరితో అన్నట్టూ కాకుండా.

సత్యానందం ఇంటికి వచ్చి పలక మీది అంకెలను గాజుపెంకుతో గీకి, సున్న ఉన్నచోట తొంభై, తొంభై ఉన్నచోట సున్న రాసుకున్నాడు. తీగ చుట్టాడు. అయస్కాంతాల నడుమ చట్రాన్ని నిలబెట్టి, నలభై ఐదు దగ్గర ఆపాడు. నడిమధ్యలో మొదలుపెట్టడం మంచిదని అతని ఉద్దేశం. కొసైన్ పట్టిక చూసి లెక్క వేశాడు. సూత్రం ప్రకారం సున్న దగ్గర గాలి పూర్తిగా పోయి సూది ఇరవై గీతలు ఎగరాలి కాబట్టి, నలభై ఐదు దగ్గర పద్నాలుగు రావాలి. చట్రాన్ని జప్పున పైకి లాగాడు. సూది ఎగిరి పద్నాలుగు దగ్గర తల ఊపింది.

మార్తమ్మ ఆ రోజు కోడిని కోసింది.

ఇస్సాకు కూడా వచ్చి తిన్నాడు. "అయితే పీట ఎవలకన్న ఇయ్యాల్నా?" అని దిగులుగా అడిగాడు. సత్యానందం ఎముక నములుతూ గంభీరంగా తలాడించాడు.

సోమవారం పట్నం పోవాలి. శనివారం పొద్దున, తల్లికి మొత్తం ఆట చూపిద్దామని, చట్రాన్ని ముప్పై దగ్గర పెట్టాడు. లెక్క ప్రకారం పదిహేడు రావాలి. లాగాడు. సూది పది దగ్గరే ఆగిపోయింది.

మళ్ళీ లాగాడు. పది.

అరవైకి తిప్పాడు. పది రావాల్సినచోట పదిహేడు వచ్చింది. సున్న దగ్గర పెట్టాడు. ఇరవై రావాలి, అంటే సూది కొసదాకా ఎగరాలి. చట్రం లాగాడు. సూది కదల్లేదు. గాల్వనోమీటరు డబ్బా తట్టి మళ్ళీ లాగాడు. సూదికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

"నిద్ర వట్టిందా ఏంది?" అంది మార్తమ్మ.

"నువ్వు జరసేపు ఆగమ్మా."

తొంభై దగ్గర పెట్టాడు. అక్కడ ఏమీ రాకూడదు. సూది ఇరవై దాకా ఎగిరి కొసన కొట్టుకుంది.

సత్యానందం నలభై ఐదుకు తిప్పి లాగాడు. పద్నాలుగు. ముత్యంలా పద్నాలుగు. అంటే లెక్క తప్పు కాదు, సూది తప్పు కాదు. ఒక్క నలభై ఐదు దగ్గర నిజం చెప్పి మిగతా అన్నిచోట్లా అబద్ధం చెప్పేది ఏమిటి? చట్రమే! కట్టె వంకర. ముక్కు కోయించానన్న కోపంతో ముసలాయన ఏదో మెలిక పెట్టాడు.

"మీ మామకు కబురు జేద్దునా?" అంది మార్తమ్మ, మెల్లగా.

అతను అయస్కాంతాలు, డబ్బా, చట్రం అన్నీ గోనెసంచిలో వేసి, సైకిలు వెనక కట్టుకుని శామీర్‌పేట దారి పట్టాడు.

ఓదెలు పాకలో చిత్రిక పడుతున్నాడు. సత్యానందం దిగీదిగకముందే అరిచాడు.

"నీ కట్టె వంకర కాకా! నా బతుకు ఖరాబ్ జేసినవ్!"

చిత్రిక ఆగింది. ముప్పై ఏళ్ళలో ఓదెలును పిసినారి అన్నవాళ్ళున్నారు, మొండివాడు అన్నవాళ్ళున్నారు. అతని కట్టె వంకర అన్నవాడు ఇంతవరకు పుట్టలేదు.

"ఏమన్నవ్?"

"వంకర అన్న."

ఓదెలు లేచి, సంచిలోంచి చట్రం తీసి, మూలమట్టం తెచ్చి నాలుగు మూలలూ పెట్టి చూపించాడు. వెంట్రుక దూరే సందు కూడా లేదు. "ఇగ జెప్పు. ఏ మూలన వంకర? నువ్వు జక్కయ్య కొడుకువని ఊకుంటున్న. ఇంకెవడన్నయితే గీ మూలమట్టంతోనే ఇద్దును."

"మరి గిదేంది? సూడు!"

సత్యానందం అక్కడే బల్ల మీద అన్నీ పరిచాడు. ముప్పై, అరవై, సున్న, తొంభై, ఒక్కొక్కటి లాగి చూపించాడు. ప్రతిసారీ సూది పోకూడని చోటికే పోయింది. పక్కింటి మైసయ్య కల్లుముంత పట్టుకుని వచ్చి నిలబడి, సూది ఎగిరినప్పుడల్లా "ఎహె!" అన్నాడు. నాలుగోసారి అతన్ని సిద్దమ్మ బయటికి పంపింది.

ఓదెలు సూదిని చూడలేదు. పలకనే చూస్తున్నాడు. అతను చెక్కిన అంకెల మీద గాజుపెంకు గీతలు, కొత్త అంకెలు.

"నేనేసిన అంకెలు ఎవలు గీకిండ్రు?"

"నేనే. నువ్వు తలకిందులు ఏసినవ్ గద."

"ఊఁ." ఓదెలు చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. "ఒక ముచ్చట జెప్పు. మీ ఇంటి దర్వాజ నేనే నిలబెట్టిన. మీ నాయిన ఉన్నప్పుడు. గుర్తుందా?"

"ఇప్పుడు దర్వాజ ముచ్చటెందుకు కాకా? నేను పరేషాన్‌ల ఉన్న."

"జెప్పు. మీది ఏ దిక్కు దర్వాజ?"

"తూర్పు."

"ఒట్టు?"

"ఒట్టేంది? ఊరందరికి ఎర్కే. తూర్పు దర్వాజ."

"మరి గడప ఎటు పండుకున్నది?"

"గడపా?" సత్యానందం కళ్ళు మూసుకుని తన ఇంటి ముందు నిలబడ్డాడు. "గడప... ఉత్తరం కెళ్ళి దక్షిణం దాక ఉంటది."

"పైన కమ్మీ?"

"అదీ గంతే."

"తలుపు బంద్ జేస్తే, తలుపు చెక్క?"

"ఉత్తరం దక్షిణమే."

"మరి కట్టె మొత్తం ఉత్తరం దక్షిణం ఉండంగ, తూర్పు దర్వాజ అని ఎందుకంటున్నవ్ర? తూర్పు దిక్కు ఒక్క పుల్లన్న లేకపాయె!"

సత్యానందం గాల్లో వేలితో దర్వాజ గీసి, దాని చుట్టూ దిక్కులు లెక్కపెట్టాడు.

సిద్దమ్మ చాట పక్కన పెట్టి ఇటు తిరిగింది. ఇప్పుడు చూడదగ్గ ఆట మొదలైందని ఆమెకు తెలిసిపోయింది.

"దర్వాజ ఎటు ఉన్నదంటే, దాని కట్టె ఎటు పండుకున్నదని కాదు బిడ్డా," అన్నాడు ఓదెలు. "అది ఎటు సూస్తాంది అని. గడప మీద నిలబడి బయటికి సూస్తే నీ ముక్కు ఎటున్నదో గది దర్వాజ దిక్కు. తూర్పు గాలి ఇసిరిందనుకో. ఏ ఇంట్లకు నిండ వస్తది? తూర్పు దర్వాజ ఇంట్లకు. ముక్కుకు, గాలికి తేడా లేదు. సున్న. గాలి నిండ వచ్చుడు గాడనే. నువ్వేం జేసినవ్? గడప ఎటు పండుకుంటే గదే దర్వాజ దిక్కు అన్నవ్. గట్ల లెక్క గడితే తూర్పు గాలి ఉత్తరం దర్వాజల దూరాలె. దూరుతదా? గోడ పొంటి రాసుకుంట పోతది."

సత్యానందం బల్ల మీది చట్రాన్ని చూశాడు. ఇప్పుడు అతనికి అది చట్రంలా కనబడలేదు. తూర్పు దర్వాజలా కనబడింది. దాని నడుమ నుంచి, ముక్కు కోసిన మచ్చ దగ్గర నుంచి, కంటికి కనబడని గీత ఒకటి సూటిగా బయటికి సాగింది. రెండేళ్ళ కిందట క్లాసులో ఒక పొట్టి ప్రొఫెసర్ నల్లబల్ల మీద గీసింది ఆ గీతనే. చట్రానికి లంబం, కోణం కొలవాల్సింది దాని నుంచే. బొమ్మ పాడుచేస్తోందని సత్యానందం తన నోటుపుస్తకంలో దాన్ని గీసుకోలేదు.

"మరి నలభై ఐదు కాడ సరిగ్గ ఎందుకొచ్చింది?" అని గొణిగాడు. అడగడమే ఆలస్యం, జవాబు తనకే తట్టింది. తొంభైలో సగం. అక్కడ గడప నుంచి కొలిచినా ముక్కు నుంచి కొలిచినా ఒకటే. కోడిని కోయించింది ఆ సగమే.

అతను గాజుపెంకు వెతకడం మొదలుపెట్టాడు. ఓదెలు ఆపాడు.

"ముందుగాల కట్టెకు జెప్పు."

"ఏం జెప్పాలె?"

"వంకర అన్నవ్ గద. కాదని జెప్పు."

"కాకా, కట్టెకా?"

"నాకు జెప్పుడు అక్కర్లే. నేను మనిషిని, మర్షిపోత. కట్టె మర్షిపోదు."

సత్యానందం సిద్దమ్మ వైపు చూశాడు, ఈ గండం నుంచి గట్టెక్కిస్తుందేమోనని. "జెప్పు బిడ్డా, జల్దీ జెప్పు," అంది ఆమె. "చెప్పకుంటే పొద్దుగూకెదాక గీయన గిట్లనే కూసుంటడు. నాకు ఎర్క."

బీఎస్సీ ప్యాసైన సత్యానందం చట్రం ముందు రెండు చేతులూ కట్టుకుని, "వంకర గాదు. మంచిగున్నవ్," అన్నాడు.

ఓదెలు ఉలుల పెట్టెలోంచి చీల తీసి, మచ్చ మీద బెజ్జం తొలిచి, సరేసు రాసి దిగ్గొట్టాడు. అంకెలు మళ్ళీ తన చేత్తోనే చెక్కాడు. సున్న మళ్ళీ సున్న దగ్గరికి వచ్చింది. సరేసు ఆరాక ముక్కును ముప్పైకి తిప్పి సత్యానందం లాగాడు. పదిహేడు. అరవై దగ్గర పది. తొంభై దగ్గర, ముక్కు పూర్తిగా పక్కకు తిప్పుకున్నప్పుడు, సూది నిద్రపోయింది. ఈసారి దాన్ని నిద్రపోనిచ్చాడు.

సోమవారం పట్నంలో ముగ్గురు ప్రొఫెసర్లు బల్ల చుట్టూ కూర్చున్నారు. చట్రం ముక్కు చూసి ఒకాయన నవ్వాడు, సత్యానందం అనుకున్నట్టే. పెద్దాయన నవ్వలేదు. సన్నటి స్కేలు ఒకటి తీసి, ముప్పై దగ్గర నిలబడ్డ చట్రానికి ఆనించి, అయస్కాంతాల దిక్కుతో పోల్చి కొలిచాడు.

"నువ్వు ముప్పై అంటున్నావు," అన్నాడు ఉర్దూలో. "ఈ చట్రానికి, అయస్కాంత రేఖలకు నడుమ అరవై ఉంది. నీ పలక మీది అంకెలు తప్పు. అరవైతో లెక్క కట్టు."

సత్యానందం కళ్ళముందు మూడు కాళ్ళ పీట వచ్చి నిలబడింది. దాని మీద తాను, ఎదురుగా కొండంత ఇటుకలు. పెద్దాయన ముఖంలో పరీక్ష ఉందో కోపం ఉందో తెలియలేదు. శనివారం పొద్దున ఈ మాటే అడిగితే "అవును సార్" అని ఉండేవాడు.

"ఒక మాట అడుగుతాను సార్. ఈ గది తలుపు ఏ దిక్కుకు ఉంది?"

"ఉత్తరానికి," అన్నాడు పెద్దాయన, చిరాగ్గా.

"గడప ఏ దిక్కుకు పడుకుంది సార్?"

పెద్దాయన తల తిప్పి గడపను చూశాడు. గడప తూర్పు పడమరలుగా హాయిగా పడుకుని ఉంది. దాన్ని ఆయన పదిహేనేళ్ళుగా రోజుకు పదిసార్లు దాటుతున్నాడు. స్కేలును మెల్లగా బల్ల మీద పెట్టాడు. "లాగు," అన్నాడు.

సత్యానందం లాగాడు. సూది ఎగిరి పదిహేడు దగ్గర తల ఊపింది.

"ఇరవై ఏళ్ళుగా లంబం, లంబం అని అరుస్తున్నాను," అన్నాడు పెద్దాయన, పక్కవాళ్ళ వైపు తిరిగి. "ఒక్కడికీ తలుపు చూపించాలని తోచలేదు." తర్వాత ఇటు తిరిగి అడిగాడు: "ఇది నీకు ఎవరు చెప్పారు?"

"శామీర్‌పేటలో ఓదెలు గారు సార్."

"ఏ కాలేజీలో?"

"పాకలో సార్."

ఉద్యోగం కాగితం పదిరోజులకు వచ్చింది. మార్తమ్మ దాన్ని చర్చిలో చదివించింది. పీట ఏం చేయాలో తెలియక ఇస్సాకు చాలారోజులు దాని మీద తానే కూర్చున్నాడు.

ఆ నెలాఖరున సత్యానందం మళ్ళీ శామీర్‌పేట వచ్చాడు. కాలేజీకి ఇలాంటి చట్రాలే ఇంకో ఆరు కావాలట. ముక్కు లేకుండా ఒక్కటి కూడా తీసుకునేది లేదని పెద్దాయన గట్టిగా చెప్పి పంపాడట. ఓదెలు ఆ మాట విన్నట్టు కూడా కనబడలేదు. టేకు దుంగను కాలితో తిప్పి చూసి, బాడిశ అందుకోబోయి ఆగాడు.

"మొఖం ఎటు?"

సత్యానందం వాదించలేదు. పాక మధ్యలో నిలబడి, చెరువు వైపు తిరిగి, గడ్డం ఎత్తి, ముక్కు చూపించాడు.

"అటు."

"గదీ," అని ఓదెలు బాడిశ ఎత్తాడు.

సిద్దమ్మ చాటలో బియ్యం ఎగరేస్తూ అంది: "ఇగ తిప్పు బిడ్డా ముక్కు. అది అటు సూడబట్టి గాలి గూడ అటే కొడుతాంది, నా బియ్యమంత చెరువు దిక్కే పోతాంది."